సర్వేయర్ ఎవరి మనిషి?

ఆటోనగర్‌లో ఒక షెడ్డు. ఎడమ పక్క నొక్కుకుపోయిన కారు ముందు గొంతుక్కూర్చుని, బీమా క్లెయిముకు నష్టం లెక్కగట్టే సర్వేయర్ టార్చి వేసి చూస్తున్నాడు. తలుపు అంచు కింద వేలితో గీకితే పెయింటు పెచ్చు ఊడి, ఎర్రటి పొడి రాలింది. "ఈ తుప్పు పాతదండీ" అన్నాడు. బీచ్ రోడ్డు దగ్గర, నీడ లేని పార్కింగులో నాలుగున్నరేళ్లుగా నిలబడుతున్న కారు అది. ఉప్పుగాలి తగలని కారు విశాఖలో ఎక్కడుంది? తలుపు మొత్తం మార్చాలని మెకానిక్, టింకరింగ్‌తో సరిపోతుందని సర్వేయర్. షెడ్డువాళ్ల ఎస్టిమేటు 92,000 రూపాయలు, సర్వేయర్ లెక్క 41,000. కారు నా పాత సహోద్యోగిది. "బీమా కంపెనీ మనిషి కదా, అంతకన్నా ఏం రాస్తాడు" అన్నాడు నాతో.

చట్టం దృష్టిలో మాత్రం సర్వేయర్ కంపెనీ మనిషి కాడు. ఇద్దరికీ సమదూరంలో ఉండాల్సిన నిపుణుడు. అతన్ని పిలిచేదీ, ఫీజు ఇచ్చేదీ మాత్రం కంపెనీ. ఈ ముడి యాభై ఏళ్ల పైబడినది.

1968లో సాధారణ బీమా మీద ప్రభుత్వ అదుపు పెంచుతూ 1938 నాటి బీమా చట్టాన్ని సవరించారు. అప్పుడు చేరిందే 64యుఎం సెక్షన్. 20,000 రూపాయలు, ఆపైన ఉండే క్లెయిమును లైసెన్సు ఉన్న సర్వేయర్ నివేదిక లేకుండా చెల్లించకూడదని అది చెప్పింది. ఆ రోజుల్లో 20,000 అంటే దాదాపు ఒక కొత్త కారు ఖరీదు. అంటే సర్వేయర్ పెద్ద నష్టాలకే వచ్చేవాడు. ఆ అంకె 2015 దాకా కదలలేదు. అప్పటికి రెండు ప్యానెళ్లకు గీతలు పడినా బిల్లు అంతకు చేరేది! ఆ ఏడాది చట్టం నుంచి అంకెను తీసేసి నిబంధనలకు వదిలారు. వాహనాల విషయంలో 50,000 చేశారు.

అదే సెక్షన్‌లో మరో మాట కూడా ఉంది. సర్వేయర్ ఎంత రాసినా, వేరే మొత్తానికి క్లెయిము తేల్చే హక్కు కంపెనీకి ఉంటుంది. స్వతంత్ర నిపుణుణ్ణి తెచ్చి కూర్చోబెట్టి, అతని మాట వినకపోయినా పర్వాలేదన్నట్టు ఉంది కదా! ఈ వెసులుబాటును కంపెనీలు ఎలా వాడాయో 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూస్తే తెలుస్తుంది. శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో, తమకు నచ్చిన నివేదిక వచ్చేదాకా ఒకరి తర్వాత ఒకరిని సర్వేయర్లుగా వేసుకుంటూ పోవడం కుదరదని, రెండో సర్వేయర్‌ను పెట్టాలంటే కారణం చూపాలని కోర్టు చెప్పింది. అదే ఏడాది ప్రదీప్ కుమార్ కేసులో ఇంకో వైపు నుంచి తేల్చింది: సర్వేయర్ నివేదిక ముఖ్యమైనదే కానీ, అదే ఆఖరి మాట కాదు. వినియోగదారుల కమిషన్లలో సర్వేయర్ల నివేదికల మీద వాదనలు నేటికీ ఈ రెండు తీర్పుల చుట్టూ తిరుగుతుంటాయి.

అమెరికాలో దారి వేరు. 1943 నాటి న్యూయార్క్ ప్రామాణిక అగ్ని బీమా పాలసీలోనే ఒక షరతు ఉంది: నష్టం ఎంతన్న దగ్గర పేచీ వస్తే చెరో మదింపుదారును పెట్టుకోవాలి. ఆ ఇద్దరూ కలిసి ఒక తీర్పరిని ఎంచుకోవాలి. ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకున్నా అదే లెక్క. ఎవరి మనిషి ఖర్చు వారిది, తీర్పరి ఖర్చు చెరి సగం. అక్కడ చాలా కారు పాలసీల్లోనూ ఇలాంటి షరతు ఉంటుంది. పొలం గట్టు తగాదాలో చెరో పెద్దమనిషి, మధ్యన మూడో మనిషి కూర్చునే మన పద్ధతికి దగ్గరిదే. మన కారు పాలసీల్లో దీనికి బదులు ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తితో తేల్చుకునే షరతు ఉండేది. క్లెయిము ఒప్పుకుని, మొత్తం దగ్గర మాత్రమే తేడా వస్తే అక్కడికి వెళ్లాలి. యాభై వేల పేచీకి ఆర్బిట్రేటర్ ఫీజు ఎవరు భరిస్తారు? 2023లో బీమా నియంత్రణ సంస్థ వ్యక్తిగత పాలసీల నుంచి దాన్ని తీసేయించింది. ఎవరూ బాధపడినట్టు లేదు.

సర్వేయర్‌ను తిట్టుకునే ముందు ఒకటి చూసుకోవాలి. కోతల్లో పెద్ద భాగం అతను కనిపెట్టినవి కావు. వాహన బీమా రేట్లు, షరతులు చెప్పే 2002 మోటారు టారిఫ్‌లోనే తరుగుదల పట్టిక ఉంది: భాగం పాతబడిన కొద్దీ ఎంత కోయాలో చెప్పే పట్టిక. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోత. నాలుగు దాటి అయిదేళ్ల లోపు బండికి ఇనుప భాగాల మీద 35 శాతం. అద్దానికి కోత లేదు. కాబట్టి 12,000 బంపర్‌కు చేతికొచ్చేది 6,000 మాత్రమే, తరుగుదల కోత లేని 'జీరో డిప్' అదనంగా కొనుక్కుంటే తప్ప. అసలు పేచీ పట్టికలో లేని చోట వస్తుంది: మార్చాలా, బాగుచేయాలా? ఈ దెబ్బ ఈ ప్రమాదానిదేనా?

హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ ఆ రెండో ప్రశ్నను ఊరంతా ఎదుర్కొంది. 2014 అక్టోబరు 12న చెట్లు కార్ల మీద పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. దారి కోసం చెట్టును కోసి తీసేయక తప్పదు. కోసేశాక సర్వేయర్ వచ్చి చూస్తే సొట్ట మిగిలింది, చెట్టు లేదు. ఫోటో తీసి ఉంచుకున్నవాడికీ, లేనివాడికీ తేడా అప్పుడు తెలిసింది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. సర్వేయర్‌ను కంపెనీయే పెట్టాలన్న నియమం లేదు. 2015 నిబంధనలు 'కంపెనీ నియమించినా, పాలసీదారు నియమించినా' అనే మాట వాడాయి. నివేదిక కాపీని పాలసీదారుకూ ఇవ్వాలన్నాయి. ఆచరణలో ఫీజు భయానికి ఎవరూ సొంత సర్వేయర్‌ను పిలవరు. కాపీ అడిగేవారూ తక్కువే. ఆ తర్వాతి మెట్లు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి), లేదా మన జిల్లా వినియోగదారుల కమిషన్. మొదటి చోట ఫీజు లేదు. రెండో చోటికి రెండేళ్ల లోపు వెళ్లాలి.

నా సహోద్యోగి అంతదూరం వెళ్లలేదు. నివేదిక కాపీ అడిగి తెచ్చుకున్నాడు. మూడో పేజీలో తుప్పు గురించి ఒక్క వాక్యం ఉంది. అంతకు ముందు ఏడాది రెన్యువల్ నాలుగు రోజులు ఆలస్యమైతే అదే కంపెనీ మనిషి వచ్చి కారును నాలుగు వైపులా ఫోటోలు తీసుకెళ్లాడు. వాటిలో ఎడమ తలుపు అంచు శుభ్రంగా ఉంది. ఆ ఫోటో జతచేసి ఉత్తరం రాశాడు. పదిహేను రోజులకు తలుపు మార్చడానికి ఒప్పుకున్నారు, తరుగుదల పోను. బంపర్‌కు మాత్రం సగమే వచ్చింది.