సూది గుచ్చితే పాకుతుందా? ఎముక గడ్డల మీద నేను రోజూ వినే మాటలు

ఆ తండ్రి నా బల్ల మీద పెట్టిన ఎమ్మారై కవరు మీద తేదీ చూశాను. మూడు నెలలు దాటింది. కొడుక్కి 15 ఏళ్లు, పదో తరగతి. కుడి మోకాలి పైన వాపు, రాత్రిళ్లు నిద్రలోంచి లేపే నొప్పి. ఎమ్మారై తీసిన రోజే అక్కడి డాక్టరు "ముక్క పరీక్ష (బయాప్సీ) కావాలి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి" అని రాసిచ్చారు. ఆ చీటీ కూడా కవర్లోనే ఉంది. ఈ మూడు నెలలు ఏం చేశారమ్మా అని అడిగితే తల్లి తల వంచుకుని చెప్పింది. "మా ఆడపడుచు మామగారికి ఇలాగే ముక్క తీశారండీ. తీసిన రెండు నెలలకే ఒళ్లంతా పాకింది. కదిలించకుండా ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడని అందరూ అన్నారు. అందుకే పసరు కట్టు కట్టించాం."

ఆ తల్లి మీద నాకు కోపం రాలేదు. బిడ్డను కాపాడుకోవాలనే ఆమె ఆగింది. నా కోపమంతా ఆ "అందరూ" మీద. ఎముక గడ్డల ఆపరేషన్లు చేస్తున్న ఇన్నేళ్లలో ఈ ఒక్క మాట తిన్నన్ని కాళ్లు, తిన్నన్ని నెలలు ఇంకే అపోహా తినలేదు. అందుకే ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: ముక్క తీస్తే, సూది గుచ్చితే, గాలి తగిలితే క్యాన్సర్ రేగి ఒళ్లంతా పాకుతుంది.

ఆస్టియోసార్కోమా అనే, పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎముక క్యాన్సర్‌తో మొదటిసారి మా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి 15 నుంచి 20 మందికి అప్పటికే స్కాన్‌లో వేరేచోట, ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, మచ్చలు కనిపిస్తాయి. వాళ్లకు అప్పటికి ఎవరూ సూది గుచ్చలేదు. 1970లకు ముందు ఈ జబ్బుకు కీమో లేదు. గడ్డ కనబడగానే కాలు తీసేసేవారు. అయినా నూటికి 80 మందికి పైగా ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో జబ్బు తేలి చనిపోయేవారు. స్కాన్‌కు కూడా దొరకనంత చిన్న కణాలు రక్తంలో కలిసి ముందే వెళ్లిపోయి ఉండేవి. ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే కీమో మొదలుపెట్టడానికి కారణం అదే. ఊపిరితిత్తులకు పాకకముందే దొరికిన పిల్లల్లో ఇవాళ మూడింట రెండు వంతుల మంది దాకా బతుకుతున్నారు.

మరి ఆ మామగారికి రెండు నెలల్లో ఎలా పాకింది? ఆయన కేసు నేను చూడలేదు. ఇలాంటి కథలు మాత్రం చాలా విన్నాను. నెలల తరబడి మర్దనలు, కట్లు, నొప్పి బిళ్లలు అయ్యాక, ఇక లేవలేని స్థితిలో ఆసుపత్రికి తెస్తారు. అప్పుడు ముక్క తీస్తారు. జబ్బు అప్పటికే పాకి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు గుర్తుండేది మాత్రం సూది పడిన రోజు.

అసలు ముక్క ఎందుకు తీయాలి, ఎక్స్‌రేలో కనబడుతోంది కదా అంటారు. ఎక్స్‌రే చాలా చెబుతుంది. పిల్లాడి వయసు, గడ్డ ఎముక చివర ఉందా, నడుమ ఉందా, అంచు ఎలా ఉంది చూసి మేం ఒక అంచనాకు వస్తాం. కానీ అంచనాతో కీమో ఎక్కించలేం. ఆస్టియోసార్కోమాకు ముందు కీమో, ఆ తర్వాత ఆపరేషన్. ఈవింగ్ సార్కోమా అనే ఇంకో ఎముక క్యాన్సర్‌కు మందులు వేరు, దానికి రేడియేషన్ కూడా బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లలో వచ్చే కాండ్రోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు మామూలుగా కీమో పనిచేయదు, రేడియేషన్‌కూ అంతగా లొంగదు, ఆపరేషనే దిక్కు. 20 నుంచి 40 ఏళ్ల వాళ్లకు మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో వచ్చే జెయింట్ సెల్ ట్యూమర్ క్యాన్సర్ కాదు. చాలామందికి దాన్ని లోపల గీకి సిమెంటు నింపితే సరిపోతుంది. ఒకదాని వైద్యం ఇంకొకదానికి చేస్తే మనిషిని పోగొట్టుకోవచ్చు, లేదా అనవసరంగా కాలు పోగొట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. మన దగ్గర ఎముకకు టీబీ కూడా వస్తుంది. చీము పట్టిన ఎముక, ఈవింగ్ సార్కోమా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. రెండింటికీ జ్వరం వస్తుంది, రెండింట్లోనూ రక్తపరీక్షలో ఈఎస్ఆర్ అనే అంకె పెరుగుతుంది. అందుకే తీసిన ముక్కలో కొంత సూక్ష్మజీవుల పరీక్షకు కూడా పంపుతాం. ఓ అమ్మాయి విషయంలో ఆ కుటుంబం వారం రోజులు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. రిపోర్టు టీబీ అని వచ్చింది. ఏడాదికి పైగా మాత్రలు వాడింది, ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఆ ముక్క తీయకపోయి ఉంటే ఆ ఇల్లు ఇంకా క్యాన్సరనే ఏడుస్తూ ఉండేది.

రిపోర్టు ఆలస్యమైందంటే చెడ్డదేనేమో అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఎముక ముక్క గట్టిగా ఉంటుంది. అందులోని కాల్షియం కరిగించి మెత్తబడేదాకా ఆగి, అప్పుడు పలుచగా కోయాలి. రంగులు వేసి చూడాలి, ఒక్కోసారి అదనపు పరీక్షలూ పెట్టాలి. వారం, పది రోజులు అందుకే పడుతుంది. ఆలస్యాన్ని బట్టి ఏమీ ఊహించుకోవద్దు.

అయితే ఈ పుకారులో ఒక నిజం ముక్క ఉంది, దాన్ని దాచను. ముక్క తీయడం వల్ల ప్రమాదం లేదు కానీ, ముక్కను తప్పుగా తీయడం వల్ల ఉంది. సూది వెళ్లిన దారి వెంట కొన్ని కణాలు అంటుకుని ఉండే అవకాశం ఉంది. అందుకే తర్వాత పెద్ద ఆపరేషన్ చేసేటప్పుడు ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తాం. అలా తీయగలగాలంటే సూది మేం కోయబోయే గీత మీదనే పడాలి. మోకాలి కీలులోకి వెళ్లకూడదు. పెద్ద రక్తనాళాలు, నరాల పక్కకు పోకూడదు. కోతే పెట్టాల్సి వస్తే కాలి పొడవునా పెట్టాలి, అడ్డంగా పెట్టకూడదు. ఎమ్మారై ముందు, సూది తర్వాత. అమెరికాలో హెన్రీ మాంకిన్ అనే సర్జన్ 1982లో ఒకసారి, 1996లో మరోసారి దీన్ని లెక్క తీసి చూపించారు. రెండోసారి 597 మంది రోగులను చూశారు. చివరి వైద్యం చేసే కేంద్రంలో కాక బయట ముక్క తీసినప్పుడు పొరపాట్లు, ఇబ్బందులు 2 నుంచి 12 రెట్లు ఎక్కువగా ఉన్నాయని తేలింది.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు చూసిన 17 ఏళ్ల అమ్మాయిని మరచిపోలేను. ఇంట్లో కాలుజారి పడితే తొడ ఎముక విరిగింది. అంత చిన్న పాటుకు అంత పెద్ద ఎముక ఎందుకు విరిగిందని ఎవరూ ఆలోచించలేదు. అంతకుముందు రెండు నెలలుగా అక్కడే నొప్పి ఉందన్న మాట ఎవరూ అడగలేదు. ఒక ఆసుపత్రిలో ఆ రాత్రే ఎముక లోపల రాడ్ వేసేశారు. ఆ ఎముకలో ఆస్టియోసార్కోమా ఉంది. రాడ్ దాన్ని తుంటి నుంచి మోకాలి దాకా ఎముక పొడవునా పూసేసింది. కాపాడగలిగిన కాలును తుంటి దగ్గర తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్ గది బయట వాళ్ల నాన్న నన్ను అడిగింది ఒక్కటే: "ముందే ఒక సూది వేసి చూసి ఉంటే సరిపోయేదా బాబూ?" సరిపోయేది.

కాబట్టి "ముక్క తీయించాలా వద్దా" అని మథనపడకండి. డాక్టరును ఇలా అడగండి: "ముక్క మీరే తీస్తారా? రేపు పెద్ద ఆపరేషన్ చేసేది మీరేనా? ఎముక క్యాన్సర్లు ఇక్కడ చూస్తారా?" కాదంటే ముక్క తీయకముందే, తీసే చోటికి పంపమనండి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

మిగతావి త్వరగా చెబుతాను.

"దెబ్బ తగిలింది సార్, అందుకే వచ్చింది." ఆ వయసు పిల్లలకు దెబ్బ తగలని వారం ఉండదు. దెబ్బ వల్ల గడ్డ పుట్టదు. దెబ్బ తగిలాక ఫొటో తీస్తే ముందే ఉన్న గడ్డ బయటపడుతుంది. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ కూడా 1977లో తన మోకాలి ఆస్టియోసార్కోమాకు అంతకుముందు జరిగిన కారు ప్రమాదమే కారణమని నమ్మాడు. డాక్టర్లు సంబంధం లేదన్నారు. మన దగ్గర అయితే "దెబ్బే కదా" అని నెలలు గడిపేస్తారు. ఎదిగే వయసు నొప్పులు మామూలుగా రెండు కాళ్లకూ వస్తాయి, సాయంత్రం వచ్చి తెల్లారేసరికి పోతాయి. ఒకే కాలు, ఒకే చోటు, రాత్రిళ్లు ఎక్కువ, వారం వారం పెరిగే వాపు అయితే ఆ చోటును ముందు నుంచీ, పక్క నుంచీ ఎక్స్‌రే తీయించండి. గట్టిగా మర్దన మాత్రం చేయించవద్దు.

"క్యాన్సర్ అంటే కాలు తీసేస్తారు." ఇప్పుడు చాలామందికి గడ్డ ఉన్న ఎముక భాగాన్ని తీసి లోహపు కీలు పెడుతున్నాం. కాలు నిలుస్తుంది.

"పెద్దవాళ్లకు నడుం నొప్పి అరుగుదలే." చాలాసార్లు అదే నిజం. కానీ 40 దాటినవాళ్ల ఎముకలో గడ్డ కనబడితే, ఎముకలో పుట్టిన క్యాన్సర్ కంటే వేరేచోట నుంచి వచ్చిందో, మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరో అయ్యే అవకాశం చాలా ఎక్కువ. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్: ఈ ఐదింటి నుంచే ఎక్కువగా వస్తాయి, వెన్నెముకకే ఎక్కువగా వస్తాయి. ఎప్పుడో పదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ తగ్గిన అమ్మకు కొత్తగా నడుం నొప్పి వస్తే, ఆ పాత సంగతి డాక్టరుకు చెప్పండి. ఆయనంతట ఆయన అడుగుతారని ఎదురుచూడకండి.

ఇక్కడ కూడా ముక్క పరీక్ష మాటే వస్తుంది. "పాత క్యాన్సర్ ఉంది కదా, అదే పాకి ఉంటుంది, మళ్లీ ముక్క ఎందుకు?" అంటారు. ఒక్క ఎముకలో ఒక్క మచ్చే ఉంటే అది పాత క్యాన్సరే అని అనుకోవడానికి లేదు. ఆ ఎముకలోనే పుట్టిన వేరే క్యాన్సర్ కావచ్చు. పాత క్యాన్సరే అనుకుని రాడ్ వేస్తే ఆ 17 ఏళ్ల అమ్మాయికి జరిగిందే జరుగుతుంది. అదే జబ్బని తేలినా, రొమ్ము క్యాన్సర్ కణాల స్వభావం పదేళ్లలో మారి ఉండవచ్చు. మారితే మందూ మారుతుంది.

"ఎముకకు పాకింది, ఇక అయిపోయింది." ఈ మాట విని మంచం పట్టి లేవని వాళ్లను చూశాను. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎముకకు పాకినా మందులతో ఏళ్ల తరబడి బతికేవాళ్లు ఉన్నారు. నొప్పికి చాలామందికి ఒక్క రోజు రేడియేషన్ సరిపోతుంది. విరిగేలా ఉన్న ఎముకకు ముందే రాడ్ వేస్తే నడక నిలుస్తుంది. ఎముకలు గట్టిపడే ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించండి, లేకపోతే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముఖ్యం: వెన్నెముకకు పాకినవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా రేపు ఉదయం ఓపీకి అని ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం చాలా కష్టం.

ఆ పదో తరగతి అబ్బాయికి సూదితోనే ముక్క తీశాం. ఆస్టియోసార్కోమానే. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఇప్పుడు రెండో కీమో నడుస్తోంది. వాళ్ల అమ్మ ప్రతిసారీ సూది పడిన చోటు తడిమి చూసుకుంటోంది.

చివరగా ఒక పని. ఎక్కడ ముక్క తీయించినా రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. తీసిన ముక్క ఉన్న గాజు స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా అడిగితే ఇస్తారు. మొదటి ఎక్స్‌రే, ఎమ్మారై ఫిల్ములు, సీడీ కూడా దాచండి. అవి చేతిలో ఉంటే ఇంకో డాక్టరు అభిప్రాయానికి మళ్లీ ముక్క తీయాల్సిన పని ఉండకపోవచ్చు.