కిట్లు వచ్చాయి, కంప్యూటర్ పీరియడ్ రాలేదు

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ఒక మాట చెప్పింది. వచ్చే ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు, అంటే పిల్లలు సెన్సార్లు, రోబోలతో సొంతంగా ప్రయోగాలు చేసే గదులు పెడతామంది. వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సర్కారు బళ్లకు ఇది మంచి కబురు. రోబోటిక్స్, కోడింగ్ అంటే కార్పొరేట్ స్కూళ్ల ఫ్లెక్సీల మీద కనిపించే మాటలే అయిన ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అయితే ఈ ప్రాంతపు బళ్లకు యంత్రాలు రావడం ఇదే మొదలు కాదు. ఇంతకుముందు వచ్చిన వాటికి ఏమైందో తెలుసుకోకుండా కొత్త వాటిని దించుకుంటే, పాత కథే మళ్లీ నడుస్తుంది.

పిల్లలకు కోడింగ్ నేర్పాలన్న ఆలోచన వయసు అరవై ఏళ్లకు దగ్గర పడింది. 1967లో అమెరికాలో వాలీ ఫ్యూర్జీగ్, సేమూర్ పాపర్ట్, సింథియా సోలమన్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారు చేశారు. కొన్నాళ్లకు దానికి ఒక తాబేలు తోడైంది. నిజానికి అదొక చిన్న రోబో. బోర్లించిన గిన్నెలాంటి ఒళ్లు, కింద చక్రాలు, మధ్యలో పెన్ను. ‘ముందుకు 100, కుడికి 90’ అని నాలుగుసార్లు చెబితే నేల మీద పరిచిన కాగితంపై చతురస్రం గీసేది. పాపర్ట్ అంతకుముందు జెనీవాలో పిల్లల మనస్తత్వం మీద పరిశోధించిన పియాజే దగ్గర పనిచేసినవాడు. బీఈడీలోనో టెట్ కోసమో పియాజేను చదవని టీచరు మన దగ్గర ఉండరు. పిల్లలు చేతులతో చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకుంటారన్న పియాజే మాటకు చక్రాలు తగిలిస్తే వచ్చిందే ఆ తాబేలు. అంటే ఈ విద్యకు మూలం మన టీచర్లకు పరాయిది కాదు.

మన దేశంలో బడికి కంప్యూటర్ చేరింది 1984-85లో. క్లాస్ అనే కేంద్ర పథకం కింద సుమారు 250 బళ్లలో బీబీసీ మైక్రో కంప్యూటర్లు పెట్టారు. 1986 జాతీయ విద్యా విధానం కంప్యూటర్ పరిజ్ఞానం బడి స్థాయి నుంచే మొదలవ్వాలని రాసుకుంది. అప్పటి మానవ వనరుల మంత్రి పి.వి. నరసింహారావు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన మనిషి. అరవై దాటిన వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని స్వయంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ఆ విధానం నుంచే నవోదయ విద్యాలయాలు వచ్చాయి. మామునూరు, చొప్పదండి, కాగజ్‌నగర్ నవోదయల్లో చదివిన పల్లె పిల్లలకు దాని ఫలం అందింది. పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్‌కు మాత్రం చాలా ఏళ్లు కంప్యూటర్ గడప తొక్కలేదు.

సాంకేతిక చదువు విషయంలో వరంగల్ వెనకబడిన ఊరేమీ కాదు. దేశంలో మొట్టమొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీకి నెహ్రూ పునాదిరాయి వేసింది ఇక్కడే, 1959 అక్టోబర్ 10న. అదే 2002లో నిట్ అయింది. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పదో తరగతి మార్కుల మీదే సీటు, సర్కారు బడి పిల్లలకు అదనపు స్కోరు, చేతికి ల్యాప్‌టాప్. ఎన్నో కుటుంబాల రాత మార్చిన చదువు అది. కానీ అక్కడికి చేరేదాకా, అంటే ఆరు నుంచి పది వరకు, ఆ పిల్లలకు కంప్యూటర్‌తో పని పడదు. పైమెట్టు కట్టాం, కింది మెట్లు కట్టలేదు.

కట్టే ప్రయత్నం ఒకటి గట్టిగానే జరిగింది. 2004లో కేంద్రం బళ్లలో కంప్యూటర్ చదువు కోసం ఐసీటీ పథకం తెచ్చింది. దాని కింద 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5,000 హైస్కూళ్లలో కంప్యూటర్ ల్యాబ్‌లు పెట్టారు. ఐదేళ్ల కాంట్రాక్టు. కంప్యూటర్లు తేవడం, బాగు చేయించడం, నేర్పే మనుషులను పెట్టడం అన్నీ ప్రైవేటు కంపెనీల పని. గడువు తీరాక సామాను బడికి అప్పగించాలి. ఆ ఐదేళ్లు కంప్యూటర్ పీరియడ్ ఉండేది, చెప్పే సారో మేడమో ఉండేవారు. వాళ్లకు చాలీచాలని జీతం, అదీ సమయానికి రాదు. అయినా మౌస్ పట్టుకోవడం తెలియని పిల్లలకు ఓపికగా నేర్పారు. 2013లో కాంట్రాక్టు అయిపోయింది. కంప్యూటర్లు బడిలోనే ఉన్నాయి, మనుషులు ఇంటికి పోయారు. ఆ తర్వాత యూపీఎస్ బ్యాటరీలు పోయాయి, గదికి తాళం పడింది. ఆ తాళాన్ని ‘పిల్లలకు ఆసక్తి లేదు’ అనో ‘టీచర్లు పట్టించుకోలేదు’ అనో చెప్పుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. పీరియడ్ నడిచింది మనిషి వల్ల. మనిషిని తీసేశాక అది ఆగిపోయింది.

పదకొండేళ్ల తర్వాతా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు భర్తీకి పెట్టారు. అందులో స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, పీఈటీలు, ప్రత్యేక విద్య టీచర్లు ఉన్నారు. కంప్యూటర్ టీచర్ అన్న పోస్టే లేదు.

ఈలోగా ప్రపంచంలో వస్తువులు చవకయ్యాయి. 2005లో ఇటలీలో ఆర్డుయినో పుట్టింది, సెన్సార్లను, మోటార్లను కోడ్‌తో నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు అది. 2007లో తెర మీద దిమ్మెలు పేర్చి కోడ్ రాసే స్క్రాచ్ అనే భాష వచ్చింది. 2016లో నీతి ఆయోగ్ కింద అటల్ ల్యాబ్‌లు మొదలయ్యాయి. ఒక్కో బడికి రూ.20 లక్షల వరకు, అందులో సగం సామానుకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ అంది. సామాను మంచిదే. దాన్ని చూసుకునే బాధ్యత మాత్రం ఎక్కువగా ఫిజిక్స్ సారు మీదో మ్యాథ్స్ మేడం మీదో అదనపు పనిగా పడుతుంది. సిలబస్, ఎఫ్ఏ పరీక్షలు, పదో తరగతి స్పెషల్ క్లాసులు, ఆన్‌లైన్ నమోదులు అన్నీ అయ్యాక మిగిలిన టైంలో రోబోటిక్స్.

మిగిలిన టైంలో ఇది ఎందుకు సాగదో ఒక్క పాఠం తీసుకుని చూద్దాం. పత్తి అమ్మే ఇంటి పిల్లలకు తేమ మీటరు తెలుసు. 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు, 12 దాటితే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ కొనదు. వడ్లకైతే 17. ఇంట్లో ఆ అంకెల టెన్షన్ వాళ్లు చూస్తూనే ఉంటారు. కరెంటు రాగానే బోరు మోటారును తనంతట తానే నడిపే ఆటో స్టార్టరూ తెలుసు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలం అడుగంటుతుందని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. ఎందుకంటే కరెంటు ఉందా లేదా అన్నదే ఆ డబ్బాకు తెలుసు, నేల తడిసిందో లేదో తెలియదు. ఆ రెండోది కూడా తెలిసేలా చేయమని ఎనిమిదో తరగతికి లెక్క ఇవ్వొచ్చు.

మట్టిలో గుచ్చిన సెన్సార్ రెండు పుల్లల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తుంది. ఆర్డుయినో ఊనో బోర్డు దాన్ని 0 నుంచి 1023 లోపు ఒక అంకెగా చదువుతుంది. ఏ అంకె దగ్గర రిలే, అంటే బోర్డు చెప్పినట్టు పడే స్విచ్, పడి మోటారు ఆగాలి? అది పుస్తకంలో దొరకదు. పొడి మట్టి, తడి మట్టి డబ్బాల్లో తెచ్చి కొలవాలి. నల్లరేగడికి కుదిరిన అంకె చెల్క నేలకు కుదరదు, కాబట్టి మళ్లీ కొలవాలి. కొన్నాళ్లకు పుల్లలు తుప్పు పట్టి అంకెలు మారతాయి. ఎందుకని వెతికితే రసాయన శాస్త్రంలోని విద్యుద్విశ్లేషణ ఎదురవుతుంది. కోడ్ పది పదిహేను లైన్లే. మిగతా నేర్పంతా ఈ కొలవడంలో, మార్చి చూడడంలో ఉంది. దానికి వారాలు పడుతుంది, వారం వారం అదే టీచరు ఉండాలి.

కేరళ ఈ వరసను తిప్పి నడిచింది. 2001లో ఐటీ@స్కూల్ మొదలుపెట్టి, ఉన్న టీచర్లకే శిక్షణ ఇచ్చింది. ఐటీని పదో తరగతి పరీక్షలో భాగం చేసింది, మలయాళంలో పుస్తకాలు తెచ్చింది. 2018లో బళ్లలో లిటిల్ కైట్స్ అనే పిల్లల ఐటీ క్లబ్బులు పెట్టింది. 2025-26లో రోబోటిక్స్ పాఠం పదో తరగతి పిల్లలందరికీ చేరింది. మొదలు టీచరు, తర్వాత పీరియడ్, చివరికి కిట్. మధ్యలో రెండు దశాబ్దాలు గడిచాయి.

మనకు అంత కాలం అక్కర్లేదు, నిట్, కాకతీయ యూనివర్సిటీ, బాసర మూడూ పక్కనే ఉన్నాయి. వేసవి శిక్షణలు అక్కడ పెట్టొచ్చు. కొత్త ల్యాబ్‌లు ఏ బళ్లకు ఇస్తారో జాబితాలు వచ్చేటప్పుడు, ఆరు నుంచి తొమ్మిది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, వాటికి ఎదురుగా ఒక టీచరు పేరు, ఆ టీచరుకు తగ్గించిన ఇతర క్లాసుల వివరం కూడా డీఈవో కార్యాలయం అదే కాగితంలో ఇవ్వాలి. ఐదేళ్ల నిర్వహణ డబ్బు అయిపోయాక సెన్సార్లు, బ్యాటరీలు ఎవరు కొంటారో కూడా అందులోనే రాయాలి.