చిప్పుకు వోల్టు తెలియదు

లిథియం అయాన్ సెల్‌కు మల్టీమీటర్ పెడితే 3.70 వోల్టులు చూపిస్తుంది. అదే సెల్‌ను ఆర్డునో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకు కలిపితే తెరమీద 3.94 కనిపిస్తుంది. సగానికి అటూ ఇటూ వాడేసిన సెల్‌లో ఇంకా చాలా ఛార్జ్ ఉన్నట్టు లెక్క! ఇలా జరిగితే ముందు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతాం, తర్వాత వైర్లు కదిపి చూస్తాం, ఆపైన బోర్డు పోయిందేమోనని టెన్షన్ పడతాం. నిజానికి ఏదీ పాడవలేదు.

ఊనోలో ఉండే ఏట్‌మెగా328పీ చిప్పుకు వోల్టు అంటే ఏమిటో తెలియదు. దాని లోపలి ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, చేసే పని పోల్చడం ఒక్కటే. వచ్చిన వోల్టేజీ తన రిఫరెన్స్ వోల్టేజీలో (పోలికకు కొలబద్దగా వాడే వోల్టేజీలో) ఎంత భాగమో చూసి, 0 నుంచి 1023 లోపు ఒక అంకె ఇస్తుంది. దాన్ని వోల్టుల్లోకి మార్చేది మనమే. మామూలుగా ఆ రిఫరెన్స్ బోర్డు సరఫరాయే. అది సరిగ్గా 5 వోల్టులని ప్రోగ్రాంలో రాసేస్తాం. కానీ యూఎస్‌బీ కేబుల్ గుండా వచ్చేసరికి అది 4.70 అయిందనుకోండి. 3.70ని 4.70తో భాగించి 1024తో గుణిస్తే 806 వస్తుంది. ఆ 806ను 5 వోల్టుల లెక్కన మారిస్తే 3.94. కొలబద్ద పొట్టిదైతే గుడ్డ పొడుగ్గా తేలుతుంది మరి.

వందసార్లు చదివి సగటు తీస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సగటు వల్ల అంకెల ఊగిసలాట తగ్గుతుంది, అంతే. తప్పు కొలబద్దతో వందసార్లు కొలిచినా అదే తప్పు వస్తుంది, కాకపోతే ఈసారి నిలకడగా.

ఈ చిప్పులోనే 1.1 వోల్టుల అంతర్గత రిఫరెన్స్ ఒకటుంది. సరఫరా కాస్త అటూ ఇటూ అయినా అది పెద్దగా కదలదు. దాన్నే సరఫరాతో పోల్చి చదివితే సరఫరా ఎంతో వెనక్కి లెక్కకట్టవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. 1.1 అన్నది పేరుకే, చిప్పును బట్టి అది 1.0 నుంచి 1.2 దాకా ఎంతైనా కావచ్చు. మన చిప్పులో అది 1.08 అనుకుందాం. సరఫరా ఇందాకటి 4.70 అయితే రీడింగ్ 235 వస్తుంది. 1.1 అని నమ్మితే సరఫరా 4.79గా తేలుతుంది, 1.08 వాడితే 4.71. అందుకే ఏడీసీని అంతర్గత రిఫరెన్స్‌కు మార్చి, ఆ రిఫరెన్స్ బయటికి కనిపించే ఏరెఫ్ పిన్ను దగ్గర మల్టీమీటర్‌తో ఒక్కసారి కొలవాలి. నా దృష్టిలో మొత్తం పనిలో అతి విలువైన రెండు నిమిషాలు ఇవే.

ఈఎస్‌పీ32 అనే మరో చిప్పుతో ఇంత సులువు కాదు. ఇచ్చిన వోల్టేజీకి వచ్చే అంకెను గీతగా గీస్తే అది తిన్నగా ఉండదు, రెండు చివర్లా వంగుతుంది. చిన్న వోల్టేజీ ఇస్తే సున్నా చూపిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ అంకెలు ఇరుక్కుపోతాయి. చిప్పులో ఫ్యాక్టరీ నింపిన సవరణ విలువలు వాడుకుని, మధ్య భాగంలోనే కొలవడం మేలు.

రెండు తెలిసిన వోల్టేజీల దగ్గర చదివి గీత వాలును, సున్నా దగ్గరి తేడాను సరిచేసే పద్ధతి కూడా ఉంది. కాకపోతే మన సవరణ కచ్చితత్వం మన మల్టీమీటర్ కచ్చితత్వాన్ని మించదు. సెన్సర్ వైపు నిరోధం 10 కిలో ఓమ్‌లు దాటితే ఏట్‌మెగా లోపలి చిన్న కెపాసిటర్ పూర్తిగా నిండేలోపే రీడింగ్ అయిపోవచ్చు, ఆ తప్పును ఏ గుణకంతోనూ నమ్మకంగా దిద్దలేం.

అన్నట్టు, అదే 5 వోల్టుల మీద నడిచే పొటెన్షియోమీటర్‌కు (తిప్పితే వోల్టేజీ మారే నాబ్‌కు) ఈ గొడవేదీ లేదు. సరఫరా తగ్గితే దాని వోల్టేజీ, రిఫరెన్స్ రెండూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు. మిగతావాటికి మాత్రం కొలిచిన 1.08ని ఆ చిప్పు ఈఈప్రామ్‌లోనే (కరెంటు తీసినా చెరగని మెమొరీలో) రాసిపెట్టాలి, పక్క బోర్డులో అది 1.13 కావచ్చు.