లీగ్ అయిపోతే మన సామానంతా ఏమవుతుంది?

వెస్ట్ మాంబళం, చెన్నై

ప్రియమైన పిల్లలకు,

మావయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం పెద్దోడు ఫోన్ చేసి, "మావయ్యా, వచ్చే వారం లీగ్ అయిపోతుందంట, నా క్యారెక్టర్ పోతుందా?" అని అడిగాడు. గొంతులో నిజంగానే టెన్షన్ ఉంది. ఉండదా మరి! పాత్ ఆఫ్ ఎక్సైల్ అనే కంప్యూటర్ ఆటలో లీగ్ అంటే అందరూ సున్నా నుంచి మొదలుపెట్టి కొన్ని నెలలు ఆడే విడత. అందులో రెండు నెలలు కాలేజీ నుంచి వచ్చాక కూర్చుని 92వ లెవెల్ దాకా తెచ్చుకున్న విచ్ (మంత్రగత్తె) అది. ఆ లెవెల్‌లో ఒక్కసారి చనిపోతే తర్వాతి లెవెల్‌కి కావలసిన ఎక్స్‌పీరియన్స్‌లో 10 శాతం ఊడిపోతుంది, ఎన్నిసార్లు మళ్ళీ సంపాదించుకుని ఉంటాడో నాకు తెలుసు. వెనక నుంచి చిన్నోడు "ఎలాగూ సున్నా చేసేస్తారు, ఇంకెందుకు ఆడటం" అంటున్నాడు. చిట్టితల్లి ఇంకా మంచి ప్రశ్న వేసింది. "అందరూ కష్టపడి సంపాదించుకున్నారు కదా, మళ్ళీ మొదటికి ఎందుకు తేవాలి?" అని. ముగ్గురికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పాను కానీ నాకే తృప్తి కలగలేదు. ఇది నాకు ఇష్టమైన విషయం, కుదురుగా చెప్పాలనిపించింది.

ముందు పెద్దోడికి. నీ విచ్ ఎక్కడికీ పోదు. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో స్టాండర్డ్ అని ఎప్పటికీ ముగియని లీగ్ ఒకటి ఉంది. మామూలుగా లీగ్ ముగిసినప్పుడు అందులోని క్యారెక్టర్లన్నీ అక్కడికి చేరతాయి. స్టాష్‌లో, అంటే దాచుకునే పెట్టెలో ఉన్న సామాను కూడా వెళ్తుంది, కాకపోతే 'రిమూవ్ ఓన్లీ' అనే ట్యాబ్‌లలో ఉంటుంది. వాటిలోంచి తీసుకోగలవు, కొత్తగా ఏమీ పెట్టలేవు. అమ్మమ్మ ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె అనుకో. హార్డ్‌కోర్‌లో, అంటే ఒక్కసారి చనిపోతే ఆ లీగ్ నుంచే బయటపడే పద్ధతిలో ఆడిన క్యారెక్టర్లకు అలాంటిదే వేరే శాశ్వత లీగ్ ఉంది. డయాబ్లో 4 అనే ఇలాంటి ఇంకో ఆటలో సీజన్ ముగిసినా ఇంతే, క్యారెక్టర్లు ఎటర్నల్ రెల్మ్‌కి మారతాయి. కాబట్టి పోయేది నీ విచ్ కాదు. ఆ లీగ్ అనే ఊరు ఖాళీ అవుతుంది, అంతే.

ఇక చిట్టితల్లి ప్రశ్న. నువ్వు తొమ్మిదో తరగతి, ఈ ఆటలో రక్తపాతం ఎక్కువ, ఆడటానికి ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగు. కానీ నువ్వడిగింది ఆట గురించి కాదు, సంత గురించి. అది నీకు ఇప్పుడే అర్థమవుతుంది.

నేను 2000లో ఉద్యోగానికి చెన్నై వచ్చాను. రిచీ స్ట్రీట్‌లో ఒక్కో పార్టూ బేరమాడి కొని కంప్యూటర్ బిగించుకున్నాను. డయాబ్లో 2 వచ్చింది ఆ ఏడాదే. టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్, మీ అమ్మ ఊరి నుంచి ఫోన్ చేస్తే లైన్ ఎప్పుడూ ఎంగేజ్. ఆ ఆటలో బంగారు నాణేలు రాక్షసుల నుంచి కుప్పలుగా రాలేవి. అందరి దగ్గరా అంత బంగారం ఉంటే దానితో ఎవరు ఏం అమ్ముతారు? ఎవరూ అమ్మలేదు. ఆడేవాళ్ళే 'స్టోన్ ఆఫ్ జోర్డన్' అనే చిన్న ఉంగరాన్ని డబ్బుగా చేసుకున్నారు. ఆ కత్తి నాలుగు ఉంగరాలు, ఈ కవచం పది ఉంగరాలు అని లెక్క. తర్వాత కొందరు ఆటలోని లోపాలు కనిపెట్టి అవే ఉంగరాలకు దొంగ నకళ్ళు తీశారు. దాంతో ఉంగరం విలువా పడిపోయింది. నెలల తరబడి నిజాయితీగా ఆడినవాడి సామానూ, నకలు తీసినవాడి సామానూ ఒకే సంతలో పక్కపక్కన ఉండేవి. 

2003లో 1.10 ప్యాచ్ అనే సవరణతో ఆ ఆటలో లాడర్ అనే కొత్త విడత వచ్చింది. పాత క్యారెక్టర్‌ని, పాత సామానుని లోపలికి తేకూడదు, అందరూ మొదటి లెవెల్ నుంచే. ఆ వారం ఆడిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తు. ఒక మామూలు నీలం రంగు బెల్టు దొరికినా ఎంతో అపురూపంగా పెట్టుకున్నాను.

ఎందుకు అపురూపం? ఆ రోజుకి అది ఎవరి దగ్గరా లేదు కనుక. చిట్టీ, ఈ ఆటల్లో వస్తువులు అరగవు, చిరగవు, పాతబడవు. ఈ రోజు దొరికిన మంచి విల్లు పదేళ్ళ తర్వాత కూడా అంతే మంచి విల్లు. వేలమంది రోజూ ఆడుతుంటే రోజూ కొత్తవి వచ్చి చేరుతూనే ఉంటాయి, తగ్గేది తక్కువ. కోయంబేడు మార్కెట్‌లో చూడు, సీజన్‌లో తొలి బంగినపల్లికి చెప్పే ధర వింటే గుండె గుభేలుమంటుంది. నిండు మే నెలలో అవే లారీలకు లారీలు దిగితే బండివాడు పిలిచి మరీ అమ్ముతాడు. అయితే మామిడిపండు కుళ్ళిపోతుంది, సీజన్ దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి, అందుకే ప్రతి ఏడాదీ తొలి పండుకి ఆ మోజు. కుళ్ళని మామిడిపండ్లు పదేళ్ళపాటు గోదాముల్లో పేరుకుంటే ఏమవుతుందో స్టాండర్డ్‌లో అదే అయింది. కొత్తగా వచ్చినవాడికి దొరికేది దేనికీ విలువ ఉండదు, విలువైనది దేన్నీ వాడు కొనలేడు. లీగ్ అంటే కొత్త సంత, అందరి బుట్టలూ ఖాళీ. 

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఇందులో నాకు బాగా నచ్చినది అదే. పాత్ ఆఫ్ ఎక్సైల్‌ని చేసినవాళ్ళు న్యూజిలాండ్‌లోని గ్రైండింగ్ గేర్ గేమ్స్ వాళ్ళు. 2013లో విడుదల చేసినప్పుడు అసలు బంగారమే పెట్టలేదు. 2024లో వచ్చిన లీగ్‌తో బంగారం వచ్చింది కానీ అది ఒకరికొకరు ఇచ్చుకునేది కాదు. బేరాలన్నీ ఆర్బ్‌లనే మాయ గోళాలతోనే. కేయాస్ ఆర్బ్‌ని ఒక రేర్ వస్తువు మీద వాడితే దాని గుణాలు చెరిగిపోయి కొత్తవి పడతాయి. వాడిన ఆర్బ్ ఖర్చయిపోతుంది. వెనకటి రోజుల్లో కూలి ధాన్యంగా కొలిచేవాళ్ళని అమ్మమ్మ చెప్పేది కదా. ధాన్యం ఇచ్చి ఉప్పు కొనుక్కోవచ్చు, ఇంట్లో వండుకుని తిననూవచ్చు. ఆర్బ్ కూడా అలాంటిదే. జనం వాడుకుంటూ ఉంటారు కాబట్టి డయాబ్లో 2 బంగారంలా వట్టి చెత్త అయిపోదు. అయినా తినేదానికన్నా పండేది ఎక్కువ. లీగ్ మొదట్లో కొద్దిపాటి కేయాస్‌లకే వచ్చే డివైన్ ఆర్బ్ అనే ఇంకా అరుదైన ఆర్బ్, వారాలు గడిచేకొద్దీ వందకు పైగా అడగడం మామూలే. పెద్దోడా, నువ్వు కేయాస్‌లు దాచి దాచి నెల తర్వాత చూసుకుంటే ఏమీ రాలేదని బాధపడ్డావు చూడు, కారణం ఇది. దాచుకోవాలంటే డివైన్‌లుగా మార్చి దాచుకోవాలి. ఇంకా మంచిది, మొదటి వారంలోనే ఖర్చుపెట్టి బిల్డ్‌ని, అంటే క్యారెక్టర్ నైపుణ్యాల, సామాను అమరికని బలపరుచుకోవడం. 

చిన్నోడా, "ఎందుకు ఆడటం" అన్నావు. లీగ్ మొదటి రాత్రి ఒక్కసారి చూడు, తర్వాత మాట్లాడుకుందాం. లాగిన్ దగ్గరే పెద్ద క్యూ. లోపలికి వెళ్తే సముద్రపు ఒడ్డున స్పృహ వచ్చి లేస్తావు, కాళ్ళకి చెప్పులు కూడా ఉండవు. హిల్లాక్ అనే మొదటి బాస్‌ని కొట్టి లయనైస్ వాచ్ అనే ఊళ్ళోకి అడుగుపెడితే, అక్కడంతా నీలాంటివాళ్ళే. పదేళ్ళ నుంచి ఆడుతున్నవాడూ, నిన్న డౌన్‌లోడ్ చేసుకున్నవాడూ పక్కపక్కన. అనుభవం ఉన్నవాడు గబగబా వెళ్ళిపోతాడు, నిజమే. కానీ వాడు వెళ్ళేది తెలివితో, పాత సామానుతో కాదు. నీకు ఆ తెలివి ఇప్పుడు కొంత వచ్చింది. పోయినసారి కథలోని పది యాక్ట్‌లు (భాగాలు) దాటడానికి నీకు మూడు వారాలు పట్టింది, ఈసారి ఎంత పడుతుందో నువ్వే రాసిపెట్టుకో. సున్నా చేసినా చేతిలో మిగిలేది అదే.

పైగా ప్రతి లీగ్‌కీ ఏదో ఒక కొత్త పని ఉంటుంది. 2018 ఆగస్టులో వచ్చిన డెల్వ్ నాకు ప్రాణం. భూమి లోపలి గనిలోకి ఒక బండి వెలుగుతూ వెళ్తుంటుంది, దాని వెలుగు దాటి చీకట్లోకి అడుగేస్తే ప్రాణం తగ్గుతూ పోతుంది. ఇంకా లోతుకి, ఇంకా లోతుకి అనిపిస్తుంది. జనానికి నచ్చినవాటిని అసలు ఆటలో కలుపుతారు, డెల్వ్ అలాగే మిగిలింది. నచ్చనివి మారిపోతాయి, కొన్ని వెళ్ళిపోతాయి. 

కంపెనీకి లాభం లేకుండా ఇదంతా చేస్తారా అని మీ నాన్న అడుగుతారు, ఆయనకీ చెప్పండి. ఆట ఉచితం. వాళ్ళకి డబ్బు వచ్చేది స్టాష్ ట్యాబ్‌లూ, వేషాలంకరణలూ కొన్నప్పుడు. కొత్త లీగ్‌కి జనం తిరిగి వస్తారు, వచ్చినప్పుడు కొంటారు. ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన క్రిస్ విల్సన్ 2019లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో అప్పట్లో సుమారు 13 వారాలకో కొత్త లీగ్ తెచ్చే చక్రం గురించి వివరంగా మాట్లాడారు. చక్రం తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2024 జులైలో వచ్చిన సెటిలర్స్ లీగ్, వాళ్ళు పాత్ ఆఫ్ ఎక్సైల్ 2 అనే రెండో ఆట పనిలో మునిగిపోవడంతో, దాదాపు 11 నెలలు సాగింది. మంచి లీగే, కానీ చివరి నెలల్లో సంత వెలవెలబోయింది. ముగిసే రోజు తెలిస్తేనే మనిషి ఆత్రంగా ఆడతాడు.

కొన్ని జాగ్రత్తలు. ట్రేడ్ విండోలో అవతలివాడు పెట్టిన వస్తువు మీద మౌస్ ఆనించి పూర్తిగా చదవకుండా ఒప్పుకోవద్దు. ఒకసారి చూపించి తీసేసి, అచ్చం అలాగే కనిపించే నాసిరకం పెట్టేవాళ్ళుంటారు. నాకు ఒకసారి అలా జరిగింది, రెండు రోజులు మనసు మనసులో లేదు. నిజం రూపాయలకి ఆర్బ్‌లు అమ్మేవాళ్ళ జోలికి అసలు వెళ్ళకండి, అది నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోతుంది. హార్డ్‌కోర్ ఆడాలని ఉబలాటపడుతున్నావు చిన్నోడా, మన ఏరియాలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసుగా. యూపీఎస్ లేకుండా వద్దు. ఓ వానాకాలం రాత్రి నాకు సరిగ్గా బాస్ ముందు కరెంటు పోయింది. తిరిగి వచ్చి చూస్తే నా క్యారెక్టర్ చనిపోయి స్టాండర్డ్‌లో ఉంది.

వేసవిలో మొదలయ్యే లీగ్‌లు మామూలుగా అమెరికా పశ్చిమ తీరంలో శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి తెరుచుకుంటాయి, మనకి అది శనివారం తెల్లవారుజామున ఒకటిన్నర. శుక్రవారం కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేయండి. పదింటికే పడుకుంటే ఒకటింబావుకి నేను లేపుతాను, నాలుగింటిదాకా ఆడదాం. చిట్టితల్లి కూడా వస్తానంటే రానివ్వండి, ఆమెకు నోట్‌బుక్ ఇచ్చి ప్రతి రోజూ డివైన్‌కి ఎన్ని కేయాస్‌లో రాయమంటాను. అత్తయ్య పొద్దున్నే పెసరట్లు వేస్తానంది. 

మీ మావయ్య