రంగం నుంచి గల్ఫ్ దాకా: సిక్కోలు వలసలో జీతమెంత, మిగిలేదెంత

"వెల్డర్ 1,500 దిర్హామ్‌లు, రూమ్ ఫ్రీ, ఫుడ్ సొంతం, ఓటీ ఉంటుంది, ఇంటర్వ్యూ విశాఖలో." సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం కుర్రాళ్ల ఫోన్లలో ఈ తరహా ప్రకటనలు తిరుగుతూనే ఉంటాయి. చూసినవాడు ముందు చేసే పని 1,500ను ఆ రోజు రేటుతో హెచ్చవేయడం. దిర్హామ్ 23 రూపాయలు అనుకుంటే 34,500. ఊళ్లో అంత జీతం ఎవరిస్తారు? ఆ మాట నిజమే. కానీ "ఫుడ్ సొంతం" అన్న రెండు మాటల మీద, ప్రకటనలో అసలు రాయని ఏజెంటు ఖర్చు మీద ఆగి లెక్క వేసేవాళ్లు తక్కువ.

గల్ఫ్ వలస అంటే పేపర్లకు కరీంనగర్, కడప, కోనసీమ గుర్తొస్తాయి. సిక్కోలు (శ్రీకాకుళం) పేరు ఏదైనా దేశంలో మనవాళ్లు చిక్కుకుపోయినప్పుడే వినిపిస్తుంది. నిజానికి సముద్రం దాటి కూలికి పోవడం ఉత్తరాంధ్రకు చాలా పాత అలవాటు.

1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు కూలీల ఓడ వెళ్లింది. తర్వాతి ఏళ్లలో వెళ్లినవారిలో అప్పటి విశాఖ, గంజాం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఇప్పటి శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట 1936 దాకా గంజాం జిల్లాలోవే. నాటల్ ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు, తిండీ బసా యజమానివే. వినడానికి బాగానే ఉంది. కానీ అదే పద్ధతి నడిచిన మారిషస్ చెరకు తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చి వారం పడుకున్నవాడికి నెలాఖరున ఏం మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మన దగ్గర పెద్ద వలస మాత్రం బర్మాకే. 1866 కరువు గంజాన్ని దెబ్బతీసింది, ఆ తర్వాత 1876-78 కరువు, మళ్లీ 1896-97 కరువు వచ్చాయి. అవతలి ఒడ్డున రంగూన్‌లో వరి మిల్లులకు, రేవుకు మనుషులు కావాలి. కళింగపట్నం, భీమిలి, విశాఖ, గోపాల్‌పూర్ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ ఓడలు నడిచేవి. ఊళ్లల్లో రంగూన్ అనేవాళ్లు కాదు, "రంగం పోయాడు" అనేవాళ్లు. 1937 దాకా బర్మా మన దేశంలో ఒక రాష్ట్రమే కాబట్టి పాస్‌పోర్టు లేదు, రూపాయి కూడా ఒకటే. మారకం రేటు గొడవ లేని వలస అది. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

అక్కడ జీతం లెక్క మేస్త్రీ చేతిలో ఉండేది. ఓడ టికెట్టుకి, ఇంటి దగ్గర చేబదుళ్లు తీర్చడానికి మేస్త్రీ ఊళ్లోనే అడ్వాన్సు ఇచ్చేవాడు. రంగూన్‌లో కంపెనీ డబ్బు కాంట్రాక్టరుకు, అక్కణ్నుంచి పెద్ద మేస్త్రీకి, అక్కణ్నుంచి ముఠా మేస్త్రీకి, చివరికి కూలీకి చేరేది. ప్రతి చేతిలోనూ కొంత ఆగిపోయేది. అడ్వాన్సు తీరేదాకా మేస్త్రీని వదిలి వేరే పనికి పోవడం కుదరదు. బస ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కో గదిలో పట్టనంతమంది పడుకునేవాళ్లు. 1931లో వెలువడిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ నివేదిక కూడా రంగూన్ కూలీల ఇరుకు బసల గురించి రాసింది. ఇప్పుడు షార్జాలోనో దోహాలోనో "బెడ్ స్పేస్" (గదిలో ఒక్క మంచం చోటు) అద్దెకు తీసుకునేవాడి బతుకు దానికి మరీ దూరమేమీ కాదు, మధ్యలో ఏసీ వచ్చి చేరిందంతే.

1930 మేలో రంగూన్ రేవులో ఎక్కువగా తెలుగువాళ్లయిన కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె ముగిశాక వాళ్లను పొమ్మన్నాయి. దాంతో రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మనవాళ్లే. కూలి విషయంలో పరాయి దేశపు కూలీని, స్థానిక కూలీని ఎదురెదురుగా నిలబెట్టడం ఎంత సులువో ఆ నెలలో తెలిసింది.

1942లో జపాన్ దాడికి లక్షలమంది కాలినడకన కొండలు దాటి వచ్చారు. మిగిలినవాళ్లకు 1962 సైనిక పాలన తర్వాత గడ్డురోజులు మొదలయ్యాయి. 1964లో వ్యాపారాలను జాతీయం చేశారు, అదే ఏడాది 50, 100 చాట్ నోట్లను రద్దు చేశారు. ఏళ్ల తరబడి కూడబెట్టినదాన్ని నగదుగా దాచుకున్నవాడి చేతిలో చిత్తు కాగితాలే మిగిలాయి. అలా తిరిగొచ్చినవారికి విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది. పరదేశంలో సంపాదించినదాన్ని అక్కడే దాచకూడదన్న పట్టుదల ఇక్కడి పెద్దవాళ్లలో కనిపిస్తుంది. అది ఊరికే వచ్చింది కాదని నా అనుమానం.

గల్ఫ్ దశ 1973లో చమురు ధరలు పెరిగాక మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లలో ఇంటిపనికి పోయినవాళ్ల కంటే ఇనుము పని తెలిసినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు: వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు (బరువులు ఎత్తి దించేవాళ్లు), స్కాఫోల్డర్లు (పరంజా కట్టేవాళ్లు). పక్కనే విశాఖలో షిప్‌యార్డ్ ఉంది. 1980ల్లో స్టీల్ ప్లాంటు కడుతున్నప్పుడు ఎందరో కుర్రాళ్లకు అది బడి అయింది. ఆ పని అయిపోయాక నేర్చుకున్న చేతులు అక్కడే ఖాళీగా ఉండవు కదా, రిఫైనరీలకు, ఓడల యార్డులకు వెళ్లాయి.

ఇక్కడ ఒక విషయం సరిగా అర్థం చేసుకోవాలి. దిర్హామ్, సౌదీ రియాల్, ఖతార్ రియాల్ విలువలను డాలరుకు కట్టేశారు. డాలరుకు 3.67 దిర్హామ్‌లు, 3.75 సౌదీ రియాళ్లు. దశాబ్దాలుగా ఇవి మారలేదు. మారింది రూపాయి. 1980లో దిర్హామ్‌కు రెండు రూపాయల పైచిలుకు, 1993లో ఎనిమిదిన్నర దగ్గర, 2013లో పదహారు దగ్గర, ఇప్పుడు ఇరవై దాటి చాలా రోజులైంది. అంటే 1,000 దిర్హామ్‌ల జీతం ఇరవై ఏళ్లు అలాగే ఉన్నా ఇంటికి వచ్చే రూపాయలు మాత్రం పెరుగుతూ పోతాయి. "జీతం పెరిగింది" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, కంపెనీ ఒక్క దిర్హామ్ కూడా పెంచి ఉండదు. అక్కడ మాత్రం ఖర్చులు ఆగలేదు. 2018 జనవరిలో యూఏఈ, సౌదీ 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి. 2020 జులైలో సౌదీ దాన్ని 15 శాతం చేసింది. కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్లపై సౌదీ 2017లో మనిషికి నెలకు 100 రియాళ్ల రుసుం పెట్టి, 2020 నాటికి 400 చేసింది. భార్యాబిడ్డల్ని వెనక్కి పంపి బ్యాచిలర్ రూముల్లో చేరినవాళ్లు ఆ మూడేళ్లలో ఎందరో.

ప్రకటనలోని 1,500కు తిరిగి వద్దాం. తిండికి 400, ఫోనుకు, సబ్బుకు, ఇతర ఖర్చులకు 100 తీసేస్తే మిగిలేది 1,000, అంటే 23,000 రూపాయలు. ఏజెంటు తీసుకోదగ్గ రుసుం చట్టం ప్రకారం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. వసూలు చేసేది తరచూ లక్ష దాటుతుంది. లక్షన్నర అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోండి. మొదటి నెల వడ్డీయే 3,000. ఇంటికి 11,000 ఉంచి మిగతా 12,000 అప్పుకు కడితే, తీరడానికి దాదాపు 15 నెలలు పడుతుంది. ఒప్పందమేమో రెండేళ్లు. మిగిలిన తొమ్మిది నెలల సంపాదనే అతని అసలు లాభం. మధ్యలో కంపెనీ జీతాలు ఆపితే అదీ లేదు. రంగూన్ రోజుల్లో అడ్వాన్సు మేస్త్రీది, కూలీ పారిపోతే నష్టం మేస్త్రీకి. ఇప్పుడు ఆ అప్పు పూర్తిగా కూలీ నెత్తిమీదే ఉంది, తాకట్టు ఇంటిదో, భార్య నగలదో. ఈ ఒక్క మార్పు జీతాల గురించి మాట్లాడే ఏ చర్చలోనూ సరిగ్గా రాదు.

బేసిక్, అంటే మూల వేతనం సంగతి కూడా ఉంది. ఆ 1,500లో బేసిక్ 900, మిగతాది అలవెన్సులు అయితే ఓవర్‌టైమ్ (ఓటీ) లెక్క 900 మీదే. పని మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా అంతే. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది ఇస్తారు. పదేళ్లు చేసినవాడికి వచ్చేది 7,650 దిర్హామ్‌లు. బేసిక్ 1,300 అయి ఉంటే 11,050 వచ్చేవి. సంతకం పెట్టే రోజున ఈ అంకె ఎవరూ చూడరు, చూడమని ఏజెంటు చెప్పడు.

సోంపేట, కవిటి ఉన్న ఉద్దానం నుంచి వెళ్లేవాళ్ల మీద ఒత్తిడి 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఇంకా పెరిగింది. కూలిపోయిన కొబ్బరి, జీడి తోటలు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అందాకా ఇల్లు గడవాలి. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలో మందుల ఖర్చు వేరే. అలాంటి ఇంటి నుంచి వెళ్లేవాడు జీతం బేరమాడే పరిస్థితిలో ఉండడు.

అలా బేరమాడలేనివాళ్ల కోసమే కేంద్రం గల్ఫ్ దేశాలకు కనీస జీతం సూచించేది. 2020 సెప్టెంబరులో, కొవిడ్ కాలంలో ఉద్యోగాలు పోకూడదన్న వాదనతో, దాన్ని బాగా తగ్గించి యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు చేసింది. అభ్యంతరాలు రావడంతో మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. ఖతార్ 2021 మార్చిలో 1,000 రియాళ్ల కనీస బేసిక్ పెట్టింది. తిండి ఇవ్వకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనంగా ఇవ్వాలని చట్టంలోనే రాసింది. తిండి, బసల ధర ఎంతో విడిగా చెప్పడం దానిలో మెచ్చుకోదగ్గది.

ఇప్పుడు ఏజెంట్ల ప్రకటనల్లో పోలండ్ లాంటి యూరప్ దేశాల పేర్లూ వస్తున్నాయి. అక్కడ గల్ఫ్‌లో లేని ఆదాయపు పన్ను, సామాజిక బీమా కోతలు ఉంటాయి. ఆ కరెన్సీ డాలరుకు కట్టేసింది కాదు, విలువ అటూ ఇటూ మారుతుంది. ప్రకటనలో వేసేది మాత్రం కోతలకు ముందున్న అంకే.