కొరియా దత్తత: ఇల్లు చేరేసరికి బిడ్డకు రెండేళ్లు ఎందుకు వస్తున్నాయి?

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని దత్తత ఏజెన్సీలో బిడ్డను అప్పగించే తంతు గంటలో ముగుస్తుంది. సంతకాలు, పాస్‌పోర్టు, వీసా కవరు, టీకాల కార్డు, ఒక సంచిలో నాలుగు జతల బట్టలు. దత్తత కుదిరేదాకా తన ఇంట్లో సాకిన ఫోస్టర్ తల్లి బిడ్డను కారు దాకా ఎత్తుకొచ్చి, విదేశం నుంచి వచ్చిన కొత్త తల్లిదండ్రుల చేతుల్లో పెడుతుంది. ఆ బిడ్డకు ఏడాదిన్నర దాటి ఉంటుంది, ఒక్కోసారి రెండున్నరేళ్లు కూడా. పరుగెత్తుతుంది, కొరియన్‌లో కావలసింది అడుగుతుంది, అమ్మ ఎవరో దానికి బాగా తెలుసు. కారు తలుపు మూసుకోగానే మొదలయ్యే ఏడుపు ఆ అమ్మ కోసమే.

నలభై ఏళ్ల కిందట ఇదే దేశం నుంచి నాలుగైదు నెలల పసికందులు వెళ్లేవారు. వయసు ఇలా పెరగడానికి ఒక చరిత్ర ఉంది. అది తెలియని కుటుంబాలు రెండేళ్ల బిడ్డ దగ్గర పసికందు లెక్కలు వేసుకుని తొలి వారంలోనే చిక్కుల్లో పడతాయి.

కొరియా యుద్ధం 1953లో ఆగింది. అనాథలతో పాటు విదేశీ సైనికులకు, కొరియా స్త్రీలకు పుట్టిన పిల్లలు మిగిలారు. తండ్రి వంశం పేరుతోనే గుర్తింపు దొరికే సమాజంలో వాళ్లకు చోటు లేకపోయింది. అప్పటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ప్రభుత్వం వాళ్లను దేశం దాటించడమే మార్గమనుకుంది. 1955లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రానికి చెందిన రైతు దంపతులు హ్యారీ, బెర్తా హోల్ట్ తమ దేశ కాంగ్రెస్ చేత ప్రత్యేక చట్టం చేయించుకుని 8 మంది కొరియా పిల్లలను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదికే వాళ్ల పేరుతో సంస్థ నడవడం మొదలైంది. అప్పట్లో దంపతులు అమెరికాలోనే ఉండేవాళ్లు, వాళ్ల తరఫున కొరియాలో ఇంకొకరు సంతకం పెడితే దత్తత అయిపోయేది. 1961లో అమెరికా వలస చట్టం ఆ పద్ధతిని కట్టడి చేసింది. అదే ఏడాది కొరియా అనాథల దత్తతకు ప్రత్యేక చట్టం తెచ్చింది.

అసలు ముడి అక్కడ పడింది. అనాథ అయితేనే వీసా వస్తుంది. కానీ కాలం గడిచేకొద్దీ ఏజెన్సీలకు చేరిన పిల్లల్లో చాలామందికి తల్లి బతికే ఉంది. అందుకని బిడ్డ ఒక్కదాని పేరుతో, తల్లీ తండ్రీ లేనట్టు, విడిగా ఒక కుటుంబ రిజిస్టరు తెరిచేవాళ్లు. దానికి అనాథ రిజిస్టరు అని పేరు. పెద్దయ్యాక కన్నతల్లిని వెతుక్కుంటూ సియోల్‌కు వెళ్లినవాళ్లలో ఎంతోమందికి దొరికింది ఆ ఒంటరి కాగితమే. తెలుగువాళ్లకు ఇలాంటి కాగితాల సంగతి కొత్త కాదు. 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడపిల్లలను కొని విదేశీ దత్తతకు పెట్టిన ఉదంతాలు బయటపడ్డాక, కన్నవాళ్లు బిడ్డను వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రాల మీద జరిగే దత్తతను ప్రభుత్వం నిలిపేసింది.

కొరియాలో మాత్రం 1980ల్లో సంఖ్య ఇంకా పెరిగింది. 1985 ఒక్క ఏడాదిలోనే 8,837 మంది వెళ్లారు. యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లు దాటింది, దేశం కార్లు, ఓడలు ఎగుమతి చేస్తోంది. వెళ్తున్నది ఎక్కువగా పెళ్లికాని తల్లుల పిల్లలు. ఆ తల్లికి ఉద్యోగం నిలవదు, పుట్టింటి ఆదరణ ఉండదు, సర్కారు సాయం అంతంతమాత్రం. ప్రసూతి ఇళ్ల నుంచే బిడ్డ ఏజెన్సీకి చేరేది. కొన్ని నెలలు ఫోస్టర్ ఇంట్లో ఉంచి, ఎస్కార్టుగా వెళ్లే మనిషి ఒడిలో విమానం ఎక్కించేవాళ్లు. మినియాపొలిస్‌లోనో పారిస్‌లోనో స్టాక్‌హోంలోనో విమానాశ్రయం గేటు దగ్గర దంపతులు తమ బిడ్డను మొదటిసారి చూసేవాళ్లు. దత్తత ఖరారయ్యేది ఆ దేశపు కోర్టులో, నెలల తర్వాత. అమెరికాలో కొందరు తల్లిదండ్రులు ఆపైన పౌరసత్వం పని పూర్తి చేయలేదు. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం 18 ఏళ్ల లోపువాళ్లకే పౌరసత్వం ఇచ్చింది. అప్పటికే ఆ వయసు దాటినవాళ్లలో కొందరు నేటికీ పౌరసత్వం లేకుండానే బతుకుతున్నారు.

1988 సియోల్ ఒలింపిక్స్ నాటికి ప్రపంచ పత్రికలు కొరియా పిల్లలను ఎగుమతి చేస్తోందని రాశాయి. ప్రభుత్వానికి అది తల తీసేసినట్టయింది. సంఖ్యకు కోతలు మొదలయ్యాయి. 1998లో అధ్యక్షుడు కిమ్ డే జుంగ్ దత్తత వెళ్లినవాళ్లను పిలిచి క్షమాపణ చెప్పాడు. 2007 నుంచి కొత్త నియమం: బిడ్డకు ముందు అయిదు నెలల పాటు దేశంలోనే కుటుంబం వెతకాలి, దొరక్కపోతేనే విదేశం మాట. 2012 ఆగస్టులో అమలైన చట్టం ఇంకో మూడు మెట్లు కట్టింది. పుట్టిన ఏడు రోజుల వరకు తల్లి దత్తతకు ఒప్పుకోకూడదు. బిడ్డ జననం తప్పక నమోదు కావాలి. కుటుంబ న్యాయస్థానం అనుమతి ఉండాలి, దత్తత తీసుకునేవాళ్లు జడ్జి ముందుకు స్వయంగా రావాలి.

ఈ మెట్లన్నీ ఉండవలసినవే. కానీ లెక్క వేసి చూడండి. అయిదు నెలల వెతుకులాట, ఆపైన విదేశీ కుటుంబంతో జత కలపడం, వాళ్ల గృహ పరిశీలన పత్రాలు, ఆరోగ్య శాఖ ఇచ్చే వలస అనుమతి. ఈ అనుమతులకు ఏటా పరిమితి ఉండేది, కోటా అయిపోతే ఫైలు వచ్చే జనవరి దాకా కదలదు. తర్వాత కోర్టు తేదీ, హాజరు, తీర్పు, తీర్పు ఖరారు కావడానికి 14 రోజులు, అప్పుడు పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, వీసా. ఈలోగా బిడ్డ ఫోస్టర్ తల్లి వీపు మీద పెరుగుతుంది. పెద్దల పొరపాట్లు దిద్దడానికి పెట్టిన జాగ్రత్తలకు అయ్యే కాలాన్ని బిడ్డే చెల్లిస్తోంది. ఆ బాకీ కొత్త ఇంట్లో తొలి పదిహేను రోజుల్లో బయటపడుతుంది.

అందుకే తయారీ మొదటి ప్రయాణంలోనే మొదలవ్వాలి. కోర్టు హాజరు కోసం వెళ్లినప్పుడు బిడ్డను చూడటానికి దొరికేది సాధారణంగా రెండు కలయికలు, ఒక్కోటి గంట. ఆ రెండు గంటలు బొమ్మలతో ఆడించడానికే ఖర్చు చేసేవాళ్లు ఎక్కువ. అంతకన్నా ముఖ్యం ఫోస్టర్ తల్లిని అడగాల్సినవి. పడుకునేది ఎక్కడ, ఎవరి పక్కన, ఏ వైపు తిరిగి? నిద్రపుచ్చేది వీపు మీద పొదెగి గుడ్డతో కట్టుకునా, జోకొట్టా? పాలు సీసాతోనా, ఏ కంపెనీ పొడి, ఎన్ని చెంచాలు, ఎంత వేడి? స్నానం టబ్బులోనా, చిన్న ప్లాస్టిక్ బేసిన్‌లోనా? ఆమె పాడే పాట ఫోనులో రికార్డు చేసుకోవాలి. ఆమె వాడిన ఒక చొక్కానో తువ్వాలో ఉతక్కుండా జిప్ కవర్లో వేసి తెచ్చుకోవాలి. కొత్త ఇంట్లో అమ్మ వాసన ఉన్న వస్తువు అదొక్కటే. దాన్ని పొరపాటున వాషింగ్ మెషీన్‌లో వేసేది మామూలుగా సాయానికి వచ్చిన బంధువులే, ముందే చెప్పి పెట్టాలి.

వీసా వైద్య పరీక్షలో ఒక మెలిక ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం రెండేళ్లు నిండిన బిడ్డకు క్షయ కోసం రక్తపరీక్ష చేస్తారు, పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే, ఆపై ఆలస్యం. కొరియాలో పిల్లలందరికీ క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తారు. రక్తపరీక్ష మీద దాని ప్రభావం ఉండదు, చర్మం కింద సూదితో చేసే పరీక్ష మీద ఉండొచ్చు. ఇల్లు చేరాక డాక్టరు చర్మ పరీక్ష చేస్తానంటే రక్తపరీక్ష చేయమని అడగండి. బీసీజీలో ఒక రకానికి తొమ్మిది సూదుల అచ్చును రెండుసార్లు నొక్కుతారు, జబ్బ మీద 18 చుక్కలు మిగులుతాయి. నడుము కింద, పిర్రల మీద నీలం బూడిద రంగు పుట్టుమచ్చలు కూడా ఉండొచ్చు. మన పిల్లల్లోనూ కనిపించేవే. తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లో డేకేర్ టీచరు వాటిని దెబ్బలనుకుని ఫిర్యాదు చేసే ప్రమాదం ఉంది. వచ్చిన రెండు వారాల్లోపు జరిగే మొదటి వైద్య పరీక్షలోనే రెండింటినీ డాక్టరు చేత రికార్డులో రాయించాలి.

సియోల్ దగ్గరి ఇంచియాన్ విమానాశ్రయం నుంచి సియాటిల్‌కు పది గంటలు, న్యూయార్క్‌కు పద్నాలుగు. నిద్రమత్తు వస్తుందని అలర్జీ మందు పట్టించే సలహా వినొద్దు, కొందరు పిల్లల్లో అది తిరగబడి ఇంకా రెచ్చగొడుతుంది. విమానం దిగేటప్పుడు చెవులు పట్టేయకుండా పాల సీసా చేతికివ్వాలి. బిడ్డ విమానమంతా నిద్రపోయిందంటే సంతోషించనక్కర్లేదు. భయం తట్టుకోలేని పిల్లలు నిద్రలోకి వెళ్లిపోతారు.

మొదటి రాత్రి ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు మంచం. రంగులేసిన గది, కటకటాల తొట్టి మంచం, తలుపు మూసి ఒంటరిగా పడుకోబెట్టడం. ఈ బిడ్డ ఇన్నాళ్లూ వెచ్చటి నేల మీద పరుపు వేసుకుని, చేయి చాపితే అమ్మ తగిలే దూరంలో పడుకుంది. కాబట్టి నేల మీదే పరుపు వేసి పక్కన పెద్దవాళ్లు పడుకోవాలి. తొట్టి మంచం నెలలు ఆగినా నష్టం లేదు. న్యూయార్క్‌తో కాలం తేడా చలికాలంలో 14 గంటలు. ఒంటి గడియారం రోజుకు గంట చొప్పున జరుగుతుంది, అంటే రెండు వారాలు. అర్ధరాత్రి లేచి కూర్చుంటే లైట్లన్నీ వేయకుండా, బొమ్మలు, టీవీ లేకుండా, చిన్న దీపం వెలుగులో కాస్త జావ తాగించి మళ్లీ పడుకోబెట్టాలి. పగలు ఎండలో తిప్పాలి.

తిండి విషయంలో నియమం ఒక్కటే: ఒకేసారి రెండు మార్చకూడదు. పాల పొడి మారిస్తే సీసా అదే ఉంచాలి. కొరియా పొడి డబ్బాలు రెండు తెచ్చుకుని, రోజులు గడిచేకొద్దీ కొత్త పాలను కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. అన్నం జావకు నానబెట్టిన బియ్యం ఒక గ్లాసుకు ఆరు గ్లాసుల నీళ్లు, నువ్వుల నూనె అర చెంచా. గుడ్డును నీళ్లతో గిలకొట్టి ఆవిరికి ఉడికిస్తే తెలిసిన రుచి. ఎండు సముద్రపు నాచుతో చేసే సూపు చాలామంది పిల్లలకు ప్రాణం, కానీ నాచు నానితే పదింతలవుతుంది, ఒక చెంచాడు చాలు. సన్నగా తరక్కపోతే గొంతుకు అడ్డం పడుతుంది. అయోడిన్ ఎక్కువ కాబట్టి రోజూ వద్దు. అన్నం తినడం లేదని పాలు పోస్తూ పోతే మలబద్ధకం వస్తుంది, ఆకలి ఇంకా చస్తుంది. రోజుకు అర లీటరు, మహా అయితే 700 మిల్లీలీటర్లు. నీళ్లు ముట్టకపోతే వేయించిన బార్లీ కాచిన నీళ్లు ఇచ్చి చూడండి, కొరియా ఇళ్లలో తాగేది అదే.

దుఃఖం ఎప్పుడూ ఏడుపు రూపంలోనే రాదు. కొందరు తమ బూట్లు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడతారు. కొందరు తల్లిని దగ్గరకు రానివ్వరు, తండ్రి భుజం దిగరు. రెండో అమ్మను ఒప్పుకుంటే మొదటి అమ్మ రాదేమోనన్న భయం కాబోలు. అలాంటప్పుడు తల్లి పక్కనే ఉండి పాల సీసా తన చేత్తో అందించాలి, పోటీ పడకూడదు. అన్నిటికన్నా మోసగించేది మౌనంగా, చెప్పిన మాట వింటూ, ఎవరు చేయి చాపినా వెళ్లిపోయే బిడ్డ. "ఎంత తొందరగా అలవాటుపడిందో" అని చుట్టాలు మెచ్చుకుంటారు. రెండు మూడు వారాల తర్వాత ఆ బిడ్డే రాత్రుళ్లు లేచి అరుస్తుంది. మొదటి రెండు మూడు నెలలు తినిపించడం, ఎత్తుకోవడం, డైపర్ మార్చడం తల్లిదండ్రులు మాత్రమే చేయాలి. అమ్మమ్మలూ తాతయ్యలూ వంట చేసిపెట్టొచ్చు, గిన్నెలు తోమొచ్చు, బిడ్డను ఎత్తుకోవడం తర్వాత. వాళ్లకు బాధగానే ఉంటుంది, ఎందుకో ముందే విడమరిచి చెప్పాలి.

మొదటి వారం స్నానానికి పట్టుబట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ముల్ అంటే నీళ్లు, అపా అంటే నొప్పి, అనాజ్వొ అంటే ఎత్తుకో. ఇలాంటి పది పదిహేను మాటలు ఇంట్లో అందరికీ రావాలి. ఫోస్టర్ తల్లి ఫొటో బిడ్డ కంటికి అందే ఎత్తులో గోడకు అంటించండి. చూసి ఏడుస్తుందని దాచిపెట్టడం తప్పు. ఏడిస్తే ఎత్తుకోవడానికి మనిషి ఉన్నారని తెలియాలి.

ఈ దారి ఇప్పుడు మూసుకుంటోంది. 2025 మార్చిలో కొరియా సత్య శోధన, సయోధ్య కమిషన్, దత్తత వెళ్లిన 367 మంది ఫిర్యాదుల్లో మొదటి విడతగా 56 మందిని బాధితులుగా గుర్తించి, పుట్టుక రికార్డులు తారుమారు కావడంలో ప్రభుత్వ బాధ్యతను తేల్చింది. జులై 19 నుంచి దత్తత వ్యవహారం ప్రైవేటు ఏజెన్సీల చేతుల నుంచి ప్రభుత్వానికి మారింది. దేశాల మధ్య దత్తతకు నియమాలు పెట్టే, భారత్ 2003లోనే ఆమోదించిన హేగ్ ఒప్పందం కొరియాలో 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ డిసెంబరులో, 2029 నాటికి విదేశీ దత్తతను పూర్తిగా ఆపుతామని ప్రభుత్వం ప్రకటించింది. డెన్మార్క్, స్వీడన్‌ల ఏజెన్సీలు అంతకుముందే తప్పుకున్నాయి.

ఏజెన్సీల ఫైళ్లు కూడా ప్రభుత్వ బాలల హక్కుల కేంద్రానికి చేరుతున్నాయి. ఇప్పటికే బిడ్డను తెచ్చుకున్న కుటుంబాలు ఏజెన్సీ ఇచ్చిన కేసు నంబరు, జనన నమోదు పత్రం, కోర్టు తీర్పు, ఫోస్టర్ తల్లి పేరు కొరియన్ లిపిలోనే ఒక కవర్లో పెట్టుకోవాలి. ఇంగ్లిష్ స్పెల్లింగుతో వెతికితే ఒకే పేరుకు నాలుగు రూపాలు వస్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫైలు తీయించాలంటే నంబరు కావాలి.