పది నెలల మంత్రి, బీరువాలో దొరికిన ఫైళ్లు: నవోతో కాన్ గురించి అపోహలు - వాస్తవాలు

నేను తూర్పు ఆసియా రాజకీయాలు పాఠం చెబుతాను. జపాన్ దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడాదీ క్లాసులో అవే మాటలు వినిపిస్తాయి. జవాబుగా నేను నవోతో కాన్ జీవితం చెబుతాను. ఆయన మంత్రిగా, ప్రధానిగా చేసి, 2024 ఎన్నికల్లో పోటీ చేయకుండా రాజకీయాల నుంచి తప్పుకున్నారు.

అపోహ: జపాన్‌లో తండ్రో తాతో నాయకుడైతేనే పైకి వస్తారు.

వారసులు చాలామందే ఉన్నారు. కాన్ తండ్రి మాత్రం కంపెనీ ఉద్యోగి. కాన్ ఫిజిక్స్ చదివి, పేటెంట్ల పని చేసేవారు. మహిళల ఓటు హక్కు కోసం జీవితమంతా పోరాడిన ఫుసాయె ఇచికావా కోసం 1974 ఎన్నికల్లో తిరిగారు. తర్వాత తానే నిలబడి 1976, 1977, 1979లలో వరసగా ఓడిపోయారు. 1980లో గెలిచారు.

అపోహ: అక్కడ పాలనంతా అధికారులదే, మంత్రి సంతకానికే.

క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. కాన్ ఆరోగ్య సంక్షేమ మంత్రిగా ఉన్నది 1996 జనవరి నుంచి నవంబరు దాకా, పది నెలలే. అదీ అప్పటి ప్రధాని హషిమోతో సంకీర్ణ ప్రభుత్వంలో సకిగాకె అనే చిన్న పార్టీ తరఫున.

హీమోఫీలియా ఉన్నవాళ్లకు రక్తం సరిగ్గా గడ్డకట్టదు. వాళ్లకిచ్చే మందును మనుషుల రక్తం నుంచే తీస్తారు. వేడి చేసి శుద్ధి చేయని ఆ మందు వల్ల జపాన్‌లో వెయ్యిమందికి పైగా హెచ్ఐవీ బారిన పడ్డారు. శుద్ధి చేసిన మందుకు 1985లో అనుమతి వచ్చాక కూడా పాతది వాడుతూ పోయారు. బాధితులు 1989లో కోర్టుకెక్కారు. ప్రమాదం గురించి 1983లో జరిగిన చర్చల కాగితాలు అడిగితే, దొరకడం లేదనే జవాబు శాఖ నుంచి వచ్చేది.

కాన్ వచ్చిన నెలలోనే శాఖలో ఒక బృందాన్ని వేసి, వెతికి తీరాలన్నారు. ఫైళ్లు ఆ శాఖ గదుల్లోనే బయటపడ్డాయి. అవే గదులు, అదే సిబ్బంది. ముందున్న మంత్రులకు కూడా ఆ అధికారం ఉంది. ఫిబ్రవరి 16న, చలిలో శాఖ ముందు బైఠాయించిన బాధితులను కలిసి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. మార్చిలో రాజీ కుదిరింది. పోయినవాళ్లు తిరిగి రారు, కానీ ఆ క్షమాపణ కోసం ఆ కుటుంబాలు ఏళ్లపాటు ఎదురుచూశాయి.

అదే ఏడాది తప్పూ జరిగింది. సకాయ్ నగరంలో బడిపిల్లలకు ఇ.కోలై అనే బ్యాక్టీరియా సోకినప్పుడు ముల్లంగి మొలకల మీద అనుమానం ఉందని శాఖ ప్రకటించింది. రైతుల అమ్మకాలు పడిపోతే, కాన్ కెమెరాల ముందు మొలకలు తిని చూపించాల్సి వచ్చింది. తర్వాత కోర్టులో రైతులే గెలిచారు.

అపోహ: ఫుకుషిమాలో సముద్రపు నీళ్లు పోయడం కాన్ ఆపించారు.

2011 మార్చిలో సునామీ దెబ్బకు ఫుకుషిమా అణువిద్యుత్ ప్లాంటు ప్రమాదంలో పడింది, అప్పుడు ప్రధాని కాన్. రియాక్టర్‌ను చల్లబరచడానికే సముద్రపు నీళ్లు పోశారు. మార్చి 12 సాయంత్రం ప్రధాని కార్యాలయంలో ఆ నీటి గురించి చర్చ జరుగుతుండగా, అక్కడున్న టెప్కో (ప్లాంటు నడిపే కంపెనీ) ప్రతినిధి ప్లాంటుకి ఫోన్ చేసి ఆపమన్నారు. ప్లాంటు అధిపతి మసావో యొషిదా పైవాళ్లకు వినపడేలా ఆపమని గట్టిగా చెప్పి, నిజానికి నీళ్లు పోయిస్తూనే ఉన్నారు. నీళ్లు ఆగలేదు. అంతమాత్రాన కాన్‌ను పూర్తిగా వెనకేసుకు రాలేను. ఆ ఉదయమే హెలికాప్టర్‌లో ప్లాంటుకి వెళ్లి, ఊపిరి సలపని పనిలో ఉన్నవాళ్లకు ఇంకా టెన్షన్ పెట్టారన్న విమర్శలో బలముంది. ఈ నీటి ఆరోపణ చేసిన మాజీ ప్రధాని షింజో అబె మీద వేసిన పరువు నష్టం కేసులో కూడా కాన్ ఓడిపోయారు.

అపోహ: ఆయన్ని అవిశ్వాసం పెట్టి దించేశారు.

2011 జూన్ 2న ఆ తీర్మానం 152 - 293 ఓట్లతో వీగిపోయింది. ప్రధాని పదవి నుంచి తప్పుకుంటానని అంతకుముందే సొంత పార్టీవాళ్లకు చెప్పారు. కానీ సౌరవిద్యుత్తు, పవన విద్యుత్తు లాంటివి నిర్ణీత ధరకు కొనాలనే చట్టం పాసయ్యాకే వెళ్తానని పట్టుబట్టారు. ఆగస్టు 26న అది పాసైంది. అదే రోజు పార్టీ అధ్యక్ష పదవి వదిలేశారు, ఆ వెంటే ప్రధాని పదవి కూడా. 2012 జులై నుంచి ఆ చట్టం అమల్లోకి వచ్చింది.